పేగులు అంటుకుంటే ఏ ఆపరేషన్?

కడుపు కోసి ఆపరేషన్ చేస్తే పైన కుట్ల మచ్చ పడుతుంది. లోపల కూడా మచ్చ పడుతుంది. సిజేరియన్ కావచ్చు, గర్భసంచి తీయడం కావచ్చు. గాయం మానేటప్పుడు లోపల దారాల్లాంటి అతుకులు పుడతాయి. పేగుకు పేగు అంటుకుంటుంది. కడుపులో క్షయ వచ్చినా ఇలా జరగొచ్చు. చాలామందికి వీటివల్ల ఏ బాధా ఉండదు.

కొందరికి మాత్రం ఏళ్ల తర్వాత ఆ అతుకు పేగును బిగిస్తుంది. మెలిపెట్టినట్టు నొప్పి వస్తుంది. పొట్ట ఉబ్బుతుంది. వాంతులవుతాయి. విరేచనం కాదు, గ్యాసూ పోదు. అప్పుడు వాము నీళ్లు తాగి పడుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే వెళ్లాలి.

వెళ్లగానే అందరికీ కోయరు. నోటికి ఏమీ ఇవ్వకుండా సెలైన్ పెడతారు. ముక్కులోంచి గొట్టం వేసి పొట్టలోని నీరు లాగుతారు. రెండు మూడు రోజుల్లో చాలామందికి పేగు దారి తెరుచుకుంటుంది. తెరుచుకోకపోయినా, పేగు కుళ్లుతుందని అనుమానం వచ్చినా ఆపరేషన్ తప్పదు.

అది రెండు రకాలు. ఒకటి పొట్ట కోసి చేసేది. రెండోది లాప్రోస్కోపీ. పిల్లలు కాకుండా చేసే డి.పి.ఎల్. ఆపరేషన్ తెలిసినవారికి ఇది కొత్త కాదు. చిన్న రంధ్రాలు పెట్టి, గ్యాస్‌తో పొట్ట ఉబ్బించి, టీవీలో చూస్తూ అతుకులు కత్తిరిస్తారు. నొప్పి తక్కువ. ఫిన్లాండ్, ఇటలీ డాక్టర్లు 100 మందిని పోల్చి 2019లో ఫలితం చెప్పారు. పొట్ట కోసినవారు సగటున ఐదున్నర రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. రంధ్రాలు పెట్టినవారు నాలుగు రోజులకు కాస్త ఎక్కువ ఉన్నారు. అయితే ఒకటే అతుకు ఉండొచ్చని తోచినవారినే అందులో చేర్చుకున్నారు.

మరి అందరికీ రంధ్రాలే మేలా? కాదు. పేగు బాగా ఉబ్బితే కెమెరా తిప్పడానికి చోటుండదు. ఇంతకుముందు రెండు మూడుసార్లు కోసిన పొట్టలో, రంధ్రం పెట్టే చోటే పేగు అంటుకుని ఉండొచ్చు. దానికి చిల్లు పడి, ఎవరూ గమనించకపోతే, లోపలిది కారి చీము పడుతుంది. కోతకు భయపడి రంధ్రాలే కావాలని పట్టుబట్టడం అందుకే మంచిది కాదు.

రంధ్రాలతో మొదలుపెట్టి, మధ్యలో పొట్ట కోయాల్సి రావచ్చు. అది డాక్టరు చేతగానితనం కాదు. జాగ్రత్త. ఆ మాట ఒప్పుదల కాగితంలో ఉందో లేదో సంతకానికి ముందే చదవాలి. అర్థం కాకపోతే అడగాలి. "నా పొట్టకు ఏది మంచిది? ఎందుకు? ఇలాంటివి మీరు చేశారా? ఖర్చెంత?" ఇవి భర్తో కొడుకో మాత్రమే అడగాల్సినవి కావు.

ఏ పద్ధతిలో చేసినా అతుకులు మళ్లీ రావచ్చు. పాత ఆపరేషన్ల కాగితాలు పారేయకుండా దాచి, డాక్టరుకు చూపించాలి. ఏ పద్ధతి అన్నది వాటిని చూసే చాలావరకు తేలుతుంది.