ఢాకా నేతగాళ్ళు - బయానా సంకెళ్ళు

ఆంగ్లేయులు ఢాకా నేతగాళ్ళ బొటనవేళ్ళు నరికించారనే మాట మన ఇళ్ళలో తరచూ వినిపిస్తుంది. మద్రసాలో పిల్లలు కూడా మమ్మల్ని అడుగుతుంటారు. వార్త చెవిన పడినప్పుడు నిజానిజాలు నిర్ధారించుకోవాలని సూరె హుజురాత్ విశ్వాసులను ఆదేశిస్తోంది. మనల్ని పీడించినవారి గురించిన వార్త అయినా సరే, ఆ ఆదేశానికి మినహాయింపు లేదు. ఈస్టిండియా కంపెనీలో పనిచేసి, తరువాత దానికి విరోధిగా మారిన విలియం బోల్ట్స్ 1772లో ప్రచురించిన గ్రంథంలో బొటనవేళ్ళ ప్రస్తావన ఉంది. కాని ఆయన రాసింది వేరు. పట్టునూలు చుట్టే పనివారు, ఆ వెట్టి తప్పించుకోవడానికి తమ వేళ్ళను తామే కోసుకున్నారట! ఇది మనం చెప్పుకునే కథకన్నా తేలికైనదేమీ కాదు. అన్నం పెట్టే వేలిని మనిషి తానే కోసుకునే స్థితి ఎలా దాపురించింది?

మేఘనా నదీతీరంలో పండే ప్రత్యేకమైన పత్తి ఢాకా మస్లిన్‌కు ప్రాణం. గాలిలో తేమ ఉన్న వేళల్లోనే స్త్రీలు ఆ నూలు వడికేవారు. ఆ వస్త్రాలలో ఒకదానిని ‘ఆబె రవాఁ’ (పారే నీరు) అనీ, మరొకదానిని ‘షబ్నమ్’ (మంచుబిందువు) అనీ పిలిచేవారు. మగ్గాల మీద కూర్చున్నవారిలో హిందువులూ ఉన్నారు, ముస్లిములూ ఉన్నారు. వర్తకులు ముందుగా బయానా ఇచ్చి నేయించుకునేవారు. దీనినే అక్కడ ‘దాద్నీ’ అనేవారు. కొనేవారు అనేకులు ఉన్నంతకాలం నేతగానికి బేరమాడే అవకాశం ఉండేది.

1757లో ప్లాసీ యుద్ధం, 1765లో దివానీ హక్కు. ఇక కంపెనీయే వర్తకుడు, కంపెనీయే ప్రభువు. బెంగాల్ రైతు కట్టిన శిస్తు సొమ్ముతోనే బెంగాల్ వస్త్రాలు కొని ఓడలకెక్కించింది. దాని గుమాస్తాలు నేతగాని చేతిలో బయానా బలవంతంగా పెట్టేవారు, ధర తామే నిర్ణయించేవారు. బయానా పుచ్చుకున్నవాడు గడువులోగా సరుకు ఇవ్వకపోతే అతనిపై బంట్రోతులను కాపలా పెట్టే అధికారాన్ని 1793 నాటి చట్టం కంపెనీ అధికారులకు కట్టబెట్టింది.

ఇక్కడ మన ధర్మశాస్త్రం మాట ఒకటి చెప్పుకోవాలి. బయానా ఇవ్వడం దానంతటది తప్పు కాదు. దైవప్రవక్త (సఅసం) మదీనా వచ్చినప్పుడు అక్కడి ప్రజలు ఖర్జూరాలకు ముందుగానే డబ్బు చెల్లించడం చూశారు. ఆయన దానిని నిషేధించలేదు. కొలత, తూకం, గడువు ముందే తేల్చుకోవాలన్నారు. ఫిఖహ్‌లో దీనినే ‘బైఎ సలమ్’ అంటారు. అయితే ఏ వ్యాపారానికైనా ఉభయుల అంగీకారం ఉండాలని సూరె నిసా షరతు విధించింది. గుమాస్తా దోచుకున్నది సరిగ్గా ఆ అంగీకారాన్నే. ‘ఇవ్వను’ అనే హక్కు పోయినవాడికి అది అమ్మకం ఎలా అవుతుంది?

ఈ పీడన బెంగాల్‌కే పరిమితం కాలేదు. 18వ శతాబ్దం చివరి దశకాలలో మన గోదావరి ప్రాంతపు నేతగాళ్ళు సైతం కంపెనీ పద్ధతులపై తిరగబడ్డారు.

ఆపై సుంకాల దెబ్బ పడింది. ఇంగ్లాండు 1721 నాటికే అద్దకపు నూలు వస్త్రాల వాడకాన్ని నిషేధించింది. 19వ శతాబ్దపు తొలి దశకాలలో మన బట్టపై 70, 80 శాతం సుంకాలు వేసింది. అవి లేకపోతే మాంచెస్టర్ మిల్లులు ఆదిలోనే ఆగిపోయేవని ఆంగ్ల చరిత్రకారుడు హెచ్.హెచ్. విల్సనే ఒప్పుకున్నాడు. తమ సరుకు మాత్రం నామమాత్రపు సుంకంతో ఇక్కడ దిగింది. ఢాకా జనాభా లక్షా యాభై వేల నుండి ముప్ఫై, నలభై వేలకు పడిపోయిందని 1840లో చార్లెస్ ట్రెవెల్యన్ బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు చెప్పాడు. ఆయన అంతకుముందు కంపెనీ అధికారిగా పనిచేసినవాడే!

మగ్గం ఆగితే రాట్నమూ ఆగుతుంది. ఇంటి నాలుగు గోడల మధ్య గౌరవంగా సంపాదించుకునే స్త్రీల గురించి చరిత్ర పుస్తకాలు చెప్పేది తక్కువే. 1828లో శాంతిపూర్‌కు చెందిన ఒక వితంతువు ‘సమాచార్ దర్పణ్’ పత్రికకు లేఖ రాసింది. నూలు వడికే తన కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేశానని, విలాయతీ నూలు వచ్చాక తన నూలు అడిగేవారే లేరని మొరపెట్టుకుంది. విలాయతు స్త్రీలు సంపన్నులని తాను అనుకునేదట. ఇంత కష్టపడి వడికిన నూలును ఇంత దూరం పంపి అమ్ముకుంటున్నారంటే, వాళ్ళు తనకన్నా పేదవాళ్ళై ఉంటారని ఆమె జాలిపడింది. అది మరమిల్లు నూలని ఆమెకు ఎవరూ చెప్పలేదు.