కంప్యూటర్ జోస్యం చెబుతుందా?



1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో పదివేల మందికి పైగా చనిపోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో విశాఖపట్నం వద్ద తీరం దాటింది. మన విజయనగరం జిల్లాలోనూ తోటలకు తోటలే నేలకూలాయి. అయినా ఆంధ్రప్రదేశ్‌లో మృతుల సంఖ్య వంద దాటలేదు.

ఈ రెండు తుపానులూ ఒకేలాంటివి కావు. దివిసీమకు వచ్చిన ఉప్పెన చాలా ఎత్తయినది. కాని తేడాకు అదొక్కటే కారణం కాదు. హుద్‌హుద్ నాటికి తుపాను రక్షణ భవనాలు, రోడ్లు, టెలిఫోన్లు పెరిగాయి. అంతకన్నా ముఖ్యంగా, తుపాను విశాఖ వైపు వస్తోందని రెండు మూడు రోజుల ముందే తెలిసింది. అందువల్లనే ఊళ్లు ఖాళీ చేయించాలన్న నిర్ణయం వేళకు తీసుకోగలిగారు. ఆ సంగతి ముందుగా చెప్పింది కంప్యూటర్‌లో వేసిన లెక్క.

ఇప్పుడు అదే కంప్యూటర్‌ను శాస్త్రజ్ఞులు ఇంకా పెద్ద ప్రశ్న అడుగుతున్నారు. మూడు రోజుల తర్వాత కాదు, ఏభై, ఎనభై ఏళ్ల తర్వాత భూమి ఎలా ఉంటుంది? ఈ జవాబును ఎంతవరకు నమ్మవచ్చు? నమ్మి ఏం చేయాలి?

కాగితం మీద ఒక భూమి

ముందుగా అతి చిన్న నమూనా ఒకటి చూద్దాం. దీనికి కంప్యూటర్ అక్కరలేదు. కాగితం, పెన్సిలు చాలు.

భూమి అంతటికీ సగటు కడితే, చదరపు మీటరుకు సుమారు 340 వాట్ల సూర్యశక్తి అందుతుంది. అందులో నూటికి 30 వంతులు మబ్బుల మీద, మంచు మీద, నేల మీద పడి తిరిగి వెళ్లిపోతాయి. మిగిలినవి సుమారు 240 వాట్లు. భూమి నిలకడగా ఉండాలంటే తానూ అంత శక్తినే బయటికి పంపాలి. అంత శక్తిని పంపే గోళం ఎంత వేడిగా ఉండాలో, మీరు పై తరగతుల్లో చదవబోయే స్టీఫన్ నియమం చెబుతుంది. లెక్క చేస్తే వచ్చే జవాబు -18 సెంటీగ్రేడు డిగ్రీలు!

కాని భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు 15 డిగ్రీలు. మరి ఈ 33 డిగ్రీల తేడా ఎక్కడిది? గాలిలోని నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు మొదలైనవి భూమి నుంచి వెలువడే వేడిని పట్టి ఉంచుతాయి. ఇవి భూమి కప్పుకున్న దుప్పటి వంటివి. దుప్పటి లేకపోతే మనం బతకలేం. మందం పెరిగితే ఉక్కపోత తప్పదు. బొగ్గు, పెట్రోలు కాల్చడం విరివిగా మొదలుకాక ముందు గాలిలో ప్రతి పది లక్షల అణువుల్లో 280 బొగ్గుపులుసు వాయువువి. ఇప్పుడు అవి 420 దాటాయి.

గళ్లుగా కోసిన భూగోళం

మన కాగితం లెక్కలో గాలి లేదు, సముద్రం లేదు, రుతుపవనాలు లేవు. వాటిని చేర్చడం ఎలా? లూయీ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఆంగ్లేయుడు 1922లో ఒక మార్గం చూపించాడు. భూమిని గళ్లుగా విభజించాలి. ప్రతి గడికీ ఉష్ణోగ్రత, పీడనం, తేమ, గాలి వేగం రాసుకోవాలి. పక్క గళ్ల ప్రభావం వల్ల కొంతసేపటికి ఈ అంకెలు ఎలా మారతాయో లెక్కించాలి. చేత్తో ఈ లెక్కలు చేయడానికి 64,000 మంది కావాలని ఆయన అంచనా వేశాడు!

ఆ పనిని కంప్యూటర్ అందుకుంది. 1967లో మనాబె, వెదరాల్డ్ అనే శాస్త్రజ్ఞులు బొగ్గుపులుసు వాయువు రెట్టింపయితే భూమి సుమారు 2.3 డిగ్రీలు వేడెక్కుతుందని లెక్కగట్టారు. మనాబెకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఇటువంటి నమూనాను తయారుచేసింది. ఆ సంస్థలో 2024లో ప్రారంభమైన 'అర్క' కంప్యూటర్ సెకనుకు వంద కోట్ల కోట్లకు పైగా లెక్కలు చేయగలదు.

నమ్మేదెలా?

"పది రోజుల తర్వాత వాన పడుతుందో లేదో సరిగా చెప్పలేనివారు, 2100 సంగతి చెబుతారా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. వచ్చే ఏడు మే 20న గజపతినగరంలో ఎంత ఎండ కాస్తుందో ఎవరూ చెప్పలేరు. కాని డిసెంబరు కన్నా మే వేడిగా ఉంటుందని మీరే చెప్పగలరు. మొదటిది వాతావరణం, రెండోది శీతోష్ణస్థితి. నమూనా చెప్పేది ఈ రెండో దాన్ని గురించే.

నమూనాకూ పరీక్షలుంటాయి. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినతుబో అగ్నిపర్వతం బద్దలయింది. దాని గంధకపు వాయువు నుంచి ఏర్పడిన సూక్ష్మ తుంపర ఎండను అడ్డుకోవడం వల్ల భూమి సుమారు అర డిగ్రీ చల్లబడి, మళ్లీ కోలుకుంటుందని జేమ్స్ హాన్సెన్ బృందం నమూనా సాయంతో ముందే ప్రకటించింది. దాదాపు అలాగే జరిగింది. మరో పరీక్ష గడచిన శతాబ్దానిది. సూర్యుడు, అగ్నిపర్వతాలు మాత్రమే ఉన్న నమూనాలో భూమి ఇంతగా వేడెక్కదు. మనం వదిలిన వాయువులను చేర్చితేనే లెక్క నిజంతో సరిపోతుంది.

లోపాలూ ఉన్నాయి. ప్రపంచ నమూనాల్లో గడి వెడల్పు చాలావరకు వంద నుంచి రెండు వందల కిలోమీటర్లు. భీమిలి తీరం, గజపతినగరం, అరకు కొండలు ఒకే గడిలో ఇమిడిపోతాయి! చిన్న గళ్లతో చేసే తుపాను లెక్కలకూ హద్దు ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటుతుందని ముందే తెలిసింది. కాని ఆ తర్వాత కురిసిన వానలకు ఒడిశాలోని గజపతి జిల్లాలో ఏ కొండచరియ విరిగిపడుతుందో ఏ గడీ చెప్పలేదు. అక్కడ ప్రాణాలు పోయాయి.

నిర్ణయం మనది

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. నమూనా జోస్యం చెప్పదు. "మీరు ఇలా చేస్తే అలా జరుగుతుంది" అని మాత్రమే చెబుతుంది. ఐ.పి.సి.సి. అనే అంతర్జాతీయ సంఘం 2021లో ప్రకటించిన అంచనాలు చూడండి. వాయువులను త్వరగా, బాగా తగ్గిస్తే 2100 నాటికి సముద్రమట్టం 28 నుంచి 55 సెంటీమీటర్లు పెరగవచ్చు. విపరీతంగా పెరగనిస్తే 63 నుంచి 101 సెంటీమీటర్లు. ఈ రెండింటిలో ఏది జరుగుతుందో కంప్యూటర్‌కు తెలియదు. అది ప్రభుత్వాలు, ప్రజలు తేల్చవలసిన విషయం. 2070 నాటికి వదిలే వాయువులు, పీల్చుకునే వాయువులు సరిసమానమయ్యేలా చూస్తామని భారతదేశం 2021లో ప్రకటించడం అటువంటి నిర్ణయమే.

"అంకె ఇంకా కచ్చితంగా తేలలేదు కదా, తేలేదాకా ఆగుదాం" అనేవారున్నారు. బొగ్గుపులుసు వాయువు రెట్టింపయితే వేడి 1.5 నుంచి 4.5 డిగ్రీలు పెరుగుతుందని 1979లో అన్నారు. 2021లో 2.5 నుంచి 4 అన్నారు. నలభై ఏళ్లలో హద్దులు దగ్గరపడ్డాయే గాని, కింది హద్దు సున్నా వైపు జరగలేదు. మబ్బు పట్టగానే కళ్లంలోని వరి కుప్ప మీద టార్పాలిన్ కప్పే రైతు, వాన ఎన్ని సెంటీమీటర్లో తేలేదాకా ఆగుతాడా?

చంపావతి మీద ఈనాడు వంతెన కడితే అది మీ మనవల కాలానికీ నిలవాలి. దాని ఎత్తు నిన్నటి వరదను బట్టి నిర్ణయించాలా, రేపటి వరదను బట్టా? శ్రీకాకుళం తీరంలో తుపాను రక్షణ భవనం ఎక్కడ కట్టాలి? రేపు ఇంజనీర్లుగా, అధికారులుగా, ఓటర్లుగా ఇవి తేల్చవలసినవారు మీరే.

అందాకా ఒక పని చేయండి. మీ మండలంలో గత ఇరవై ఏళ్లలో అక్టోబరు నెల వర్షపాతం లెక్కలు మీ ఉపాధ్యాయుని సాయంతో సంపాదించండి. మొదటి పదేళ్ల సగటు కట్టి, దానితో తర్వాతి పదేళ్లను ఊహించండి. ఎన్నిసార్లు తప్పిందో, ఎంత తప్పిందో రాసి పెట్టుకోండి. ఆ తప్పును కొలవడం నేర్చుకున్నప్పుడే నమూనాను ఎంతవరకు నమ్మాలో మీకు తెలుస్తుంది.