అంచె పరుగు

చెన్నపట్టణమును కలకత్తాను కలుపు జాతీయ రహదారి నెల్లూరు జిల్లాలోని వెంకటాచలము మీదుగా పోవుచున్నది. నేడు దానిపై లారీలు, బస్సులు రేయింబవళ్లు సాగుచుండును. రైలును మోటారును లేని కాలమున ఈ తూర్పుతీరము వెంబడి ఉత్తరములను మోసినవి మనుష్యుల కాళ్లే.

1712లో చెన్నపట్టణపు గవర్నరు ఎడ్వర్డు హారిసను వంగదేశమునకు కంపెనీ ఉత్తరములు పంపుటకై టపా బంట్రోతులను నియమించెను. 1774లో వారన్ హేస్టింగ్సు తపాలాను సామాన్య జనులకును అందుబాటు చేసెను. 1786లో చెన్నపట్టణమున పెద్ద తపాలా కార్యాలయము వెలసెను.

చెన్నపట్టణము నుండి నెల్లూరునకు సుమారు 175 కిలోమీటర్లు. మారథాన్ పరుగు 42.195 కిలోమీటర్లు, అంతకు మించిన పరుగును అల్ట్రా మారథాన్ అందురు. నెల్లూరు దారి మారథానునకు నాలుగు రెట్లకు పైబడినది. అంత దూరమును ఒక్కడే వేగముగా పరుగెత్తలేడు. కండరములలో నిలువయుండు చక్కెర కొన్ని గంటలలో తరిగిపోవును. చెమటతో నీరును ఉప్పును పోవును. ఇసుకనేలపై అడుగు దిగబడి బలము వ్యర్థమగును. కావున అల్ట్రా మారథాన్ వీరుడు సైతము వేగము తగ్గించి, నడుమ నడుమ తినుచు, త్రాగుచు సాగును.

కాని ఉత్తరము ఆగరాదు. ఈ చిక్కును మన పూర్వులు అంచెలతో విడదీసిరి. దారిపొడవునను మజిలీలు ఏర్పరచి, ఒకడు అలసిపోకముందే సంచిని మరియొకనికి అందించుచుండిరి. 14వ శతాబ్దమున మన దేశమునకు వచ్చిన మొరాకో యాత్రికుడు ఇబన్ బతూతా ఈ పద్ధతిని వర్ణించెను. నాడు మైలునకు మూడు మజిలీలుండెడివి. బంటు చేతి కర్రకు గంటలు కట్టియుండును. ఆ చప్పుడు వినగానే ముందటి మజిలీవాడు సిద్ధమగును. గుఱ్ఱపు తపాలాకంటె ఈ కాలినడక తపాలాయే వేగవంతమని అతడు వ్రాసెను.

కంపెనీ కాలపు బంట్రోతులకు ఒక్కొక్కరికి కొన్ని మైళ్లే వంతు. అయినను ఆ వంతు సులభమైనది కాదు. రాత్రులందు దివిటీ వెలుగున అడవిదారిలో మృగభయమునకు ఓర్చి పోవలయును. స్వర్ణముఖి, పెన్న పొంగినచో దాటుట కష్టము. ఒక్కడు తప్పినను వెనుకటివారి శ్రమయంతయు నిలిచిపోవును.

1899లో గూడూరు, బెజవాడల నడుమ రైలుమార్గము పూర్తియై చెన్నపట్టణపు ఉత్తరములు రైలెక్కెను. ఆ బంట్రోతులలో ఎక్కువమంది పేర్లు నేడు ఎవ్వరికిని తెలియవు. అయినను ఏదైన పని మెట్టుమెట్టుగా సాగినపుడు మనము 'అంచెలంచెలుగా' అనుచున్నాము. ఆ మాటలో వారి పరుగు నిలిచియున్నది.