విస్తరణ పరిశోధనలో ‘రైతు’ ఎవరు? నమూనా, కొలమానం, విశ్లేషణలపై ఒక పరిశీలన

పరిచయం

1941 వేసవిలో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో నీల్ గ్రాస్ అనే స్నాతకోత్తర విద్యార్థి రెండు గ్రామీణ సముదాయాలలో ఇంటింటికీ తిరిగి రైతులను ప్రశ్నించాడు. సంకర మొక్కజొన్న విత్తనం గురించి మొదట ఎప్పుడు విన్నారు, ఎవరి ద్వారా విన్నారు, ఏ సంవత్సరం నుంచి సాగు చేశారు అన్నవి ఆ ప్రశ్నలలో ముఖ్యమైనవి. ఆచార్యుడు బ్రైస్ ర్యాన్‌తో కలిసి అతడు రాసిన వ్యాసం 1943లో ‘రూరల్ సోషియాలజీ’ పత్రికలో వెలువడింది. విశ్లేషించిన 259 మంది రైతులలో ఇద్దరు తప్ప అందరూ అప్పటికి కొత్త విత్తనాన్ని స్వీకరించారని, విత్తనం గురించి మొదట తెలిపింది ఎక్కువగా అమ్మకందారులే అయినా, స్వీకరించేటట్లు ఒప్పించడంలో ఇరుగుపొరుగు రైతుల ప్రభావమే ఎక్కువని ఆ అధ్యయనం తేల్చింది. ఎవరెట్ రోజర్స్ 1962లో ప్రకటించిన నూతన పద్ధతుల వ్యాప్తి సిద్ధాంతానికి ఇది ముఖ్యమైన పునాదులలో ఒకటి.

ఈ అధ్యయనాన్ని మన విస్తరణ విద్యార్థులందరూ చదువుతారు. అయితే అందులోని ఒక చిన్న వివరం సాధారణంగా మరుగున పడిపోతుంది. గ్రాస్ ప్రశ్నించింది 259 మందిని కాదు, 345 మందిని. వారిలో 20 ఎకరాలకన్నా తక్కువ సాగు చేస్తున్న 12 మందిని, సంకర విత్తనం వ్యాప్తి మొదలైన తరువాత సేద్యంలోకి వచ్చిన 74 మందిని విశ్లేషణ నుంచి తొలగించారు. ఎవరిని, ఎందుకు తొలగించారో స్పష్టంగా చెప్పారు కనుక ఆ ఫలితం ఎవరికి వర్తిస్తుందో, ఎవరికి వర్తించదో పాఠకుడు నిర్ణయించుకోగలడు. మన థీసిస్‌లలో చాలావరకు లోపిస్తున్నది ఈ స్పష్టతే. పరిశోధన పద్ధతుల అధ్యాయం లాంఛనప్రాయమైనది కాదనీ, అందులోని ప్రతి నిర్ణయమూ ఏ రైతు మాట వినబడుతుందో, ఏ రైతు మాట వినబడదో నిర్ణయిస్తుందనీ వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

జాబితాలో లేని రైతు

విస్తరణ పరిశోధనలో వాడుకలో ఉన్న నమూనా విధానం అందరికీ తెలిసినదే. ఒక జిల్లాను ఉద్దేశపూర్వకంగా ఎంచుకుని, మండలాలను, గ్రామాలను యాదృచ్ఛికంగా తీసుకుని, 12 గ్రామాలలో గ్రామానికి పదిమంది చొప్పున 120 మంది రైతులను ఎంపిక చేస్తారు. ఇక్కడ ‘యాదృచ్ఛికం’ అన్న మాట ఒక జాబితాకు లోబడి ఉంటుంది. ఆ జాబితాలో పేరు లేని వ్యక్తి ఎంపికయ్యే అవకాశం సున్నా.

ఆ జాబితా సాధారణంగా పట్టాదారులది లేదా ఏదైనా పథకం లబ్ధిదారులది. తెలంగాణలో 2018లో ప్రారంభమైన రైతుబంధు పథకం పట్టాదారులకు ఉద్దేశించినది కాబట్టి ఆ జాబితా నుంచి తీసిన నమూనాలో కౌలుదారు తన సాగు కారణంగా చోటు పొందడం అసాధ్యం. కౌలుదారులను గుర్తించడానికి ఉమ్మడి రాష్ట్రంలో 2011లో అధీకృత సాగుదారుల చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాయి. అయినా కౌలు ఒప్పందాలు అధికంగా నోటిమాట మీదనే సాగుతుండడం వల్ల, 2019 చట్టం కింద హక్కు పత్రానికి భూయజమాని అంగీకారం అవసరం కావడం వల్ల, గుర్తింపు పొందిన కౌలుదారుల జాబితా కూడా సంపూర్ణం కాదు.

మహిళల విషయమూ ఇటువంటిదే. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాలలో మహిళల నిర్వహణలో ఉన్నవి సుమారు 14 శాతం మాత్రమే. నాట్లు, కలుపు, కోత పనులలో వారి భాగస్వామ్యానికీ ఈ సంఖ్యకూ పొంతన లేదు. కమతం ఎవరి పేర ఉంటే వారినే రైతుగా లెక్కించే నమూనా ఆ వ్యత్యాసాన్ని యథాతథంగా థీసిస్‌లోకి తెస్తుంది. 2007 నాటి జాతీయ రైతు విధానం కౌలుదారులను, పాలుకు చేసేవారిని, వ్యవసాయ కూలీలను కూడా ‘రైతు’ నిర్వచనంలో చేర్చింది. నిర్వచనం విశాలంగా ఉండి, నమూనా జాబితా ఇరుకుగా ఉన్నప్పుడు పరిశోధన తాను చెప్పుకున్న జనాభాను కాక మరొక జనాభాను అధ్యయనం చేసినట్లవుతుంది.

దీనికి పరిష్కారం కష్టసాధ్యమైనదేమీ కాదు. ఎంపికైన గ్రామంలో విద్యార్థి స్వయంగా ఇంటింటి జాబితా తయారు చేసుకోవచ్చు. అప్పుడు అడగవలసిన ప్రశ్న “మీకు ఎంత భూమి ఉంది?” అన్నది కాదు; “ఈ ఖరీఫ్‌లో మీ కుటుంబం ఎంత భూమి సాగు చేసింది, అందులో సొంతం ఎంత, కౌలు ఎంత?” అన్నది. మొదటి ప్రశ్న యజమానిని చూపుతుంది, రెండవది సాగుదారుని చూపుతుంది. ఆ తరువాత సొంత రైతులు, కౌలు రైతులు అని స్తరాలుగా విభజించి నమూనా తీసుకుంటే ఇరువురి ఫలితాలనూ విడివిడిగా చెప్పవచ్చు.

నమూనా పరిమాణం గురించీ ఒక మాట చెప్పుకోవాలి. 120 మంది సరళ యాదృచ్ఛిక నమూనాలో 50 శాతం మంది ఒక పద్ధతిని ఆచరిస్తున్నారని తేలితే, 95 శాతం విశ్వాసంతో దోష పరిమితి దాదాపు 9 శాతాంశాలు అటూ ఇటూ ఉంటుంది. కానీ ఒకే గ్రామంలోని రైతులు నేల, నీరు, సలహాదారుల విషయంలో ఒకరినొకరు పోలి ఉంటారు. గ్రామాంతర్గత సహసంబంధం 0.1 అయినా, గ్రామానికి పదిమంది చొప్పున తీసుకున్న 120 మంది సుమారు 63 మంది స్వతంత్ర రైతులతో సమానం. కాబట్టి వీలైనచోట ఎక్కువ గ్రామాలలో, గ్రామానికి తక్కువ మందిని తీసుకోవడం మేలు.

‘వర్తించదు’కూ ‘ఆచరించలేదు’కూ తేడా

ఆచరణ సూచికను సాధారణంగా రైతు పొందిన మార్కులను గరిష్ఠ మార్కులతో భాగించి 100తో గుణించి లెక్కిస్తారు. వరిలో సిఫారసు చేసిన పది పద్ధతులలో ఒక కౌలు రైతు ఆరింటిని ఆచరించాడనుకుందాం. సూచిక 60. మిగిలిన నాలుగింటిలో ఖరీఫ్‌కు ముందు పచ్చిరొట్ట వేయడం ఒకటి. కానీ అతనికి భూమి చేతికి వచ్చిందే ఖరీఫ్ ఆరంభంలో. పొలం చదును చేయించడం, గట్లు పటిష్ఠం చేయడం ఏడాది కౌలుతో తిరిగిరాని పెట్టుబడులు. వాటిని నిర్ణయించేది యజమాని. ఈ మూడింటినీ ‘వర్తించవు’ అని తీసివేస్తే అతడు ఏడింటికి ఆరు ఆచరించినట్లు, సూచిక 86. మొదటి లెక్కలో అతడు అవగాహన కల్పించవలసిన రైతు. రెండవ లెక్కలో అతడు సమర్థుడైన రైతు, మార్చవలసింది కౌలు షరతులు. సిఫారసు పూర్తిగా మారిపోవడానికి కారణం షెడ్యూలులో ఒక గడి ఉండడం, లేకపోవడం మాత్రమే.

వ్యాప్తి పరిశోధనలలోని రెండు పక్షపాతాలను రోజర్స్ స్వయంగా చర్చించాడు. కొత్త పద్ధతి మంచిదేనని ముందుగా అనుకోవడం ఒకటి, స్వీకరించకపోతే తప్పు వ్యక్తిదేనని భావించడం మరొకటి. ‘వర్తించదు’ అన్న గడిని చేర్చడం ఈ రెండవ పక్షపాతానికి తొలి విరుగుడు.

‘మధ్యస్థ స్థాయి’ అనే ముందే తెలిసిన ఫలితం

సగటు నుంచి ఒక ప్రామాణిక విచలనం తీసివేసి, కలిపి, రైతులను అల్ప, మధ్యస్థ, అధిక వర్గాలుగా విభజించడం మన విభాగాలలో స్థిరపడిన అలవాటు. “అధిక సంఖ్యాకులు మధ్యస్థ స్థాయి పరిజ్ఞానం కలిగి ఉన్నారు” అన్న వాక్యం అనేక థీసిస్‌లలో కనిపిస్తుంది. మార్కులు సామాన్య వితరణలో ఉంటే దాదాపు 68 శాతం మంది ఆ మధ్య పరిధిలోనే ఉంటారు. అంటే ఆ వాక్యం రైతుల గురించి కాక, మనం వాడిన సూత్రం గురించి చెబుతున్నది.

ఊహించిన ఒక ఉదాహరణ చూద్దాం. 20 మార్కుల పరీక్షలో ఒక ప్రాంతపు సగటు 8, ప్రామాణిక విచలనం 3. మరొక ప్రాంతపు సగటు 15, విచలనం 2. మొదటిచోట 11 మార్కులు వచ్చిన రైతు మధ్యస్థుడు. రెండవచోట అవే మార్కులు వచ్చిన రైతు అల్పుడు. రెండు ప్రాంతాలలోనూ ‘మధ్యస్థులే అధికం’ అన్న నిర్ధారణ వస్తుంది, వాటి మధ్యనున్న ఏడు మార్కుల అంతరం మాత్రం ఎక్కడా కనబడదు. విషయ నిపుణులతో చర్చించి, సర్వేకు ముందే “ఈ పంటను నష్టం లేకుండా పండించడానికి కనీసం ఇంత తెలిసి ఉండాలి” అని హద్దు నిర్ణయించుకుంటే ఫలితానికి అర్థం ఉంటుంది.

సహసంబంధాల పట్టికలకు కూడా ఇటువంటి జాగ్రత్త అవసరం. వయస్సు, విద్య, కమతం, సమాచార సాధనాల వినియోగం మొదలైన 15 స్వతంత్ర చలరాశులను ఒక్కొక్కటిగా 5 శాతం స్థాయిలో పరీక్షిస్తే, వాటిలో దేనికీ నిజమైన సంబంధం లేకపోయినా, అవి పరస్పరం స్వతంత్రమైనవైతే, కనీసం ఒకటి ‘సార్థకం’గా తేలే సంభావ్యత 54 శాతం. కాబట్టి ఏ చలరాశిని ఎందుకు ఎంచుకున్నామో ప్రాకల్పనగా ముందే రాసుకోవాలి. అంతేకాక, జరిగిపోయిన దానిని తరువాత పరిశీలించే రూపకల్పనలో కార్యకారణ దిశ తెలియదు. విస్తరణ సిబ్బందితో పరిచయం వల్ల ఆచరణ పెరిగిందా, లేక బాగా సాగు చేసే రైతు దగ్గరికే సిబ్బంది వెళుతున్నారా అన్నది సహసంబంధ గుణకం చెప్పలేదు.

షెడ్యూలు చేరని చోటు

ప్రశ్నించే సందర్భం కూడా సమాధానాన్ని మలుస్తుంది. శాఖ అధికారి వెంట వచ్చిన విద్యార్థిని రైతు పథకం మనిషిగా భావించి, వినదగిన సమాధానమే చెబుతాడు. “సిఫారసు మేరకు ఎరువు వేస్తారా?” అని అడగడం కన్నా “పోయిన పంటకు మొదటి దఫా ఎప్పుడు వేశారు, ఏమి వేశారు, ఎన్ని బస్తాలు?” అని అడగడం మేలు. ఆంగ్లంలో తయారైన షెడ్యూలును పొలం గట్టున అప్పటికప్పుడు తెలుగు చేస్తే ప్రతి రైతుకూ వేరొక ప్రశ్న వేసినట్లే. తెలుగు పాఠాన్ని ముందుగా స్థిరపరచి, నమూనాలో లేని గ్రామంలో పరీక్షించి, అక్కడి మాటలను చేర్చుకోవాలి.

సంఖ్యలకు ముందు గ్రామంలో కొంతకాలం మసలడం ఎంత అవసరమో తెలుపడానికి మనకు దగ్గరలోనే ఒక మేలైన నిదర్శనం ఉన్నది. హైదరాబాదు సమీపంలోని శామీర్‌పేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేపట్టిన సామాజిక సేవా విస్తరణ కార్యక్రమంలో భాగంగా ఎస్.సి. దూబే వివిధ శాస్త్రాలవారితో కలిసి పనిచేశారు. ఆ కృషి ఫలితంగా 1955లో ‘ఇండియన్ విలేజ్’ వెలువడింది. కులం, వృత్తి, కుటుంబం, సేద్యం ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉన్నాయో అందులో కనిపిస్తుంది. ఎవరి భూమిని ఎవరు, ఏ షరతుపై సాగు చేస్తున్నారన్నది అటువంటి పరిచయంతోనే తెలుస్తుంది. రెండేళ్ల స్నాతకోత్తర కోర్సులో నెలల తరబడి గ్రామవాసం సాధ్యం కాకపోవచ్చు. కానీ సర్వేకు ముందు నాలుగైదు రోజుల పరిశీలన, మహిళలతో, కౌలుదారులతో విడివిడిగా బృంద చర్చలు సాధ్యమే.

ముగింపు

విస్తరణ పరిశోధన ఫలితాలు గ్రంథాలయానికే పరిమితం కావు. శిక్షణ ఎవరికి, ప్రదర్శన క్షేత్రం ఎవరి పొలంలో, సిఫారసులో ఏమి మార్చాలి అన్న నిర్ణయాలకు అవి ఆధారమవుతాయి. కాబట్టి ప్రతి థీసిస్‌లోనూ నమూనా జాబితా ఏది, అందులో ఎవరు లేరు, ఎంతమందిని ఎందుకు తొలగించారు, ఏ పద్ధతులు ఎవరికి వర్తించవు అన్న నాలుగు విషయాలను ఒక పేరాలో స్పష్టపరచడం నియమంగా పెట్టుకోవలసి ఉన్నది. మార్గదర్శకులు ఫలితాల పట్టికలకన్నా ముందు ఆ పేరాను పరిశీలించడం మంచిది. 345 మందిలో 259 మంది ఎలా మిగిలారో ఎనభై ఏళ్ల క్రితం ఒక విద్యార్థి అధ్యయనం చెప్పగలిగింది. మన 120 మంది ఎవరిలోనుంచి వచ్చారో చెప్పడం మన విద్యార్థులకూ అసాధ్యం కాదు.