చిత్తరువులలో చెన్నపట్టణపు తీరము

రేవు లేకయే మహానగరమైన పట్టణములలో చెన్నపట్టణము ముఖ్యమైనది. 1639వ సంవత్సరమున దామెర్ల వేంకటాద్రి నాయకుని యనుమతిని బడసి, ఫ్రాన్సిస్ డే యను కుంపిణీ యుద్యోగి అచ్చటి యిసుకతిన్నె మీద కోటకు స్థలము సంపాదించెను. అది మొదలు రెండువందల యేండ్లకు పైగా, అచ్చటికి వచ్చిన యోడలన్నియు తీరమునకు దూరముననే లంగరు వేయవలసి వచ్చెను. నడుమనున్న కెరటములను దాటించి దొరలను, దొరసానులను, వెండిపెట్టెలను, బట్టలమూటలను ఒడ్డు చేర్చినవారు మన పల్లెకారులు. ఈ తీరమును ఆంగ్లేయ చిత్రకారులు పలుమారులు చిత్రించిరి. ఆ చిత్తరువులలో ఆ పల్లెకారులకు లభించిన స్థాన మెట్టిదో విచారించుట మనకు ఉచితము.

మొదట పేర్కొనవలసినది 1732 ప్రాంతమున జార్జి లాంబర్టు, సామ్యూల్ స్కాటు అను నిరువురు కలసి వ్రాసిన చిత్తరువు. లండనులోని కుంపిణీ వారి భవనమును అలంకరించుటకై బొంబాయి, కలకత్తా, చెన్నపట్టణము మున్నగు స్థలముల చిత్తరువులు ఆఱు వ్రాయించిరి. విశేషమేమన, ఈ చిత్రకారు లిరువురును హిందూదేశమున అడుగుపెట్టినవారు కారు. కోటయు, కోటపై జెండాయు, సముద్రముపై ఠీవిగ నిలిచిన యోడలును అందు ప్రధానములు. చూడని తీరమును చిత్రించినపుడు, ఆ చిత్రమును కొనువాడు చూడగోరినదే తీరమగును. కుంపిణీ వాటాదారుడు చూడగోరినది తన సొత్తు.

ఆ పిమ్మట వచ్చిన తామస్ డేనియల్, అతని సోదరుని కుమారుడు విలియం డేనియల్ అట్టివారు కారు. వారు దేశమంతయు తిరిగి, 1792, 1793 సంవత్సరములలో చెన్నపట్టణమున నుండి, స్వయముగ చూచి గీచిరి. 1795 మొదలు 1808 వఱకు వారు ప్రకటించిన నూటనలువదినాలుగు చిత్తరువులలో చెన్నపట్టణపు కోటను ఆగ్నేయదిక్కునుండి చూపునది యొకటి గలదు. అది 1797లో వెలువడెను. కోట కెదురుగ విఱుగు కెరటములును, వానితో పెనగులాడు పడవలును అందు కానవచ్చును. తీరమునకు ప్రాణము పోసినది ఆ పడవలే యని చిత్రకారుడు గ్రహించెననుటకు సందేహము లేదు.

ఆ పడవ నిర్మాణము సామాన్యమైనది కాదు. అందు ఇనుపమేకు ఒక్కటియు లేదు. పలకల యంచులకు రంధ్రములు చేసి, అతుకుల వెంబడి పీచు పెట్టి, కొబ్బరినారత్రాటితో కుట్టుదురు. మేకులు కొట్టిన యైరోపా పడవ ఇసుకకు తగిలినంతనే పగులును; ఈ కుట్టుపడవ దెబ్బకు వంగి, మరల నిక్కును. ఆంగ్లేయులు దీనిని మసూలా పడవ యనిరి. ఆ పేరు మచిలీపట్టణమునుండి వచ్చినదని కొంద ఱందురు. చెన్నపట్టణపు పల్లెకారులలో అరవవారే మెండు. అయినను ఈ పడవయు, దుంగలు కట్టిన తెప్పయు గంజాము మొదలు నెల్లూరు వఱకు గల తెలుగుతీరమున కూడ వాడుకలో నుండెను. పడవ బోల్తాపడినచో ప్రయాణికులను కాపాడుటకై తెప్పలవారు వెంట పోవుచుండిరి. పడవ పోలేని దినములలో కూడ వారు ఓడలకు ఉత్తరములు చేర్చుచుండిరి.

ఇంతటి నేర్పునకు చిత్రములలో దక్కిన గౌరవ మెట్టిది? పందొమ్మిదవ శతాబ్దమున చెన్నపట్టణమున దిగుటయు, ఓడ నెక్కుటయు అచ్చుచిత్తరువులకు ప్రియమైన విషయములయ్యెను. లండను గృహములలో వానిని గోడకు తగిలించుకొనిరి. కెరటము ఆకాశమున కెగయును, దొరసాని భయపడును, దొర ధైర్యము వహించును, పల్లెకారుడు వారిని మోసికొని పోవును. సాహసము చేసినవాడు మోసినవాడు; కీర్తి వహించినవాడు మోయబడినవాడు. దొరల పేళ్లు, ఓడల పేళ్లు, చిత్రకారుల పేళ్లు మనకు నిలిచినవి. చుక్కాని పట్టినవాని పేరు ఏ చిత్తరువు క్రిందను వ్రాయబడలేదు.

ఇక తంజావూరు ముచ్చివారు కుంపిణీ యుద్యోగులకై వ్రాసిన బొమ్మల పుస్తకములను చూడుడు. ఒక్కొక్క పుటయందు ఒక్కొక్క కులమునకు చెందిన దంపతులు, వారి పనిముట్లు. జాలరి చేత వల, అతని యాలి తలపై గంప. వెనుక తీరము లేదు, పడవ లేదు. సముద్రము లేని జాలరి వట్టి మాదిరిబొమ్మ మాత్రమే. 1868 మొదలు 1875 వఱకు ప్రభుత్వమువారు ఎనిమిది సంపుటములుగ ప్రకటించిన హిందూదేశ ప్రజల ఛాయాచిత్రములందును ఇదే పద్ధతి. కుంచె పోయి యంత్రము వచ్చినను చూపు మాఱలేదు.

ఛాయాచిత్రము సత్యమునే చెప్పునని మనవారి నమ్మకము. 1852 ప్రాంతమున ఫ్రెడరిక్ ఫీబిగ్ చెన్నపట్టణమున ఛాయాచిత్రములు తీసి, వానికి చేతితో రంగులద్దెను. ఆ కాలపు యంత్రము ముందు వస్తువు కొంతసేపు కదలక నిలువవలెను, కెరటము నిలువదు. కావుననే నాటి తీరపు ఛాయాచిత్రములలో కట్టడములు స్పష్టముగను, నీరు పొగమంచువలెను కనబడును. ఫ్రాన్సు దేశమున గుస్తావ్ ల గ్రే యను నతడు 1856, 1857 ప్రాంతమున సముద్రము నొక పలకపైనను ఆకాశమును వేఱొక పలకపైనను తీసి, రెండింటిని ఒకే చిత్రముగ కూర్చెను. పనిచేయు మనుష్యుడును కెరటము వంటివాడే; కదలుచున్నంతకాలము ఆ యంత్రమునకు చిక్కడు.

అయినను ఈ చిత్తరువులను త్రోసిపుచ్చరాదు. చిత్రకారుడు ఉద్దేశింపని సాక్ష్యము కూడ వానియందు గలదు. డేనియల్ చిత్తరువున సముద్రము కోటకు చేరువననే యున్నది. నేడు కోటకును నీటికిని నడుమ చాల దూరము గలదు. దీనికి కారణము ఓడరేవు. 1875 డిశంబరులో వేల్సు యువరాజు దానికి శంకుస్థాపన చేసెను. 1881 తుపానులో గోడలు కూలగా మరల కట్టిరి. ఆ గోడలు ఉత్తరముగ సాగిపోవు ఇసుకను అడ్డగింపగా, దక్షిణమున మెరీనా విశాలమయ్యెను. ఉత్తరమున రాయపురపు తీరము కోతకు గుఱియయ్యెను. నగరవాసికి విహారస్థలము దొరకినది. పల్లెకారునికి ఇంటిస్థలము పోయినది. ఇది పాత చిత్తరువులను నేటి తీరముతో పోల్చినపుడు కండ్లకు కట్టును.

ఈ చూపు తలక్రిందులైనది 1930లో. మార్చి 12న సబర్మతి నుండి బయలుదేఱిన గాంధీమహాత్ముడు ఏప్రిల్ 6న దండి తీరమున ఉప్పు నెత్తెను. నాటి ఛాయాచిత్రములు లోకమంతయు వ్యాపించెను. అంతవఱకు తీరపు చిత్తరువులలో దొరను మోయుటకు వంగిన భారతీయుడు, అచ్చట తన హక్కు నెత్తుకొనుటకు వంగెను. ఆ యేటనే మచిలీపట్టణపు తీరమునను, దేవరంపాడు శిబిరమునను మనవారును ఉప్పు చట్టమును ధిక్కరించిరి.

అయితే స్వరాజ్యము వచ్చినంత మాత్రమున చిత్రమునుండి తొలగింపబడినవాడు తనంతట తాను తిరిగి రాడు. కాకినాడ చెంత ఉప్పాడ తీరము కోతకు గుఱియై ఇండ్లను, వీథులను పోగొట్టుకొనినది. అచ్చటి పాతవీథుల ఛాయాచిత్రములు ఎందఱి యిండ్లలో నున్నవి? దొర దిగిన దినము గోడకెక్కినది. పల్లె మునిగిన దినము ఎవరి గోడకును ఎక్కలేదు. తీరప్రాంతమున భూములు గల గృహస్థులును, పట్టణములలోని విద్యావంతులును తమ యిండ్లలోని పాత పటములను వెదకి, స్థలము, సంవత్సరము, అందున్నవారి పేళ్లు వ్రాసి గ్రంథాలయములకు ఒసంగవలెను. నిజమునకు పడవను నడిపినవాని మనుమడు నేడును జీవించియే యున్నాడు. తన తాత ఇల్లు ఎచ్చట నుండెనో చూపు పటము అతనికి పత్రము వంటిది. ఆ పటము క్రింద పేరు వ్రాయుటకు మనకింకను వ్యవధి యున్నది. కోతకు గుఱియైన తీరమున ఆ వ్యవధి ఏటేట తఱుగుచున్నది.