మెదడులోని దృష్టిమార్గానికి హాని: లక్షణాల పరిశీలన

వ్యాససంగ్రహం: అక్షరాల పట్టికను చివరి వరుస దాకా చదివిన వ్యక్తికి కూడా చూపులో సగం పోయి ఉండవచ్చు. పరికరాలు లేనిచోట ఈ లోపాన్ని గుర్తించే విధానాన్ని, రాచర్ల ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: దృష్టిమార్గం, దృష్టిక్షేత్రం, అర్ధదృష్టిలోపం, పక్షవాతం, రాచర్ల.

1. సమస్య స్వరూపం

రాచర్ల మండలంలో ఒక రైతు ఉదయం లేచి నడుస్తూ ఎడమవైపు ద్వారబంధాన్ని గుద్దుకున్నాడనుకుందాం. కంటిలో నొప్పి లేదు, ఎరుపు లేదు. ‘ఎడమ కన్ను మసకేసింది’ అంటాడు. ఇంటివారు శుక్లమని భావించి కంటి శిబిరం కోసం ఎదురుచూస్తారు. అసలు పొరపాటు ఇక్కడే జరుగుతుంది. రెండు కళ్ల నుండి వచ్చే దృష్టినాడులు మెదడు అడుగున కలుస్తాయి. ముక్కువైపు నేత్రపటలపు తంతువులు అక్కడ ఎదుటి పక్కకు దాటుతాయి. అందువల్ల ఎడమవైపు కనిపించే లోకమంతా, ఏ కంటితో చూసినా, కుడి మెదడుకే చేరుతుంది. కుడి పశ్చకపాల భాగానికి రక్తం అందకపోతే రెండు కళ్లలోనూ ఎడమ సగమే పోతుంది. కూడలి వద్దనే, ఉదాహరణకు పీయూషగ్రంథి కణితి వల్ల, ఒత్తిడి కలిగితే లోపం వేరు: రెండు కణతల వైపులా చూపు తగ్గుతుంది.

2. పరిశీలన

రోగికి ఎదురుగా మీటరు దూరంలో కూర్చోవాలి. అతడు ఒక కన్ను మూసి, పరీక్షించేవారి ముక్కును చూస్తుండగా నాలుగు మూలల్లో వేళ్లు చూపి లెక్కించమనాలి. రెండో కంటికీ అదే చేయాలి. ఒక్క కంటిలోనే లోపముంటే కన్నో, దాని నాడో కారణం. రెండింటిలోనూ ఒకే పక్క లోపిస్తే కారణం కూడలికి వెనుక ఉంది. పట్టిక చదివేటప్పుడు ప్రతి వరుసలో ఎడమ అక్షరాలను వదిలివేయడం కూడా గమనించదగినదే. మధ్యచూపులో మిగిలిన సగమే అక్షరాన్ని పోల్చుకోవడానికి చాలును కనుక, చూపు సంఖ్య బాగుందన్నది ఊరట కాదు. కనుపాప వెలుతురుకు ముడుచుకోవడమూ అంతే. ఆ తంతువులు దృష్టివల్కలానికి చేరకముందే విడిపోతాయి.

ఈ లోపం హఠాత్తుగా వస్తే పక్షవాతంగానే పరిగణించాలి. గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. అంతకుముందు స్కానింగులో రక్తస్రావం లేదని తేలాలి. రాచర్లకు ఒంగోలు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరం.

3. చదువుపై ప్రభావం

కుడి సగం పోయినవారికి తెలుగు చదవడం ప్రత్యేకంగా కష్టమని భావించవచ్చు. మన విభక్తులూ క్రియారూపాలూ పదాంతంలో ఉంటాయి. ‘రామునికి’, ‘రామునితో’ అన్న భేదం కనిపించని వైపే మిగిలిపోతుంది. ఎడమ సగం పోయినవారు పంక్తి మొదలును పోగొట్టుకుంటారు. పుట ఎడమ అంచున నిలువుగా ఎర్రగీత గీసి ఇస్తే, ఆ గీత కనిపించేదాకా చూపును వెనక్కి తెచ్చి కొత్త పంక్తిని అందుకోగలుగుతారు.