పేగుల్లోని సూక్ష్మజీవులపై సదస్సుకు ఉప్పల్ దారి అనువు

జవహర్‌నగర్: మానవుల పేగుల్లో నివసించే లక్షల కోట్ల సూక్ష్మజీవుల సమూహమే మైక్రోబయోమ్. దీనిపై ప్రాంతీయ సదస్సు నిర్వహించదలిస్తే నిపుణుల కోసం ఉప్పల్, నాచారం వాసులు దూరం వెళ్లనక్కరలేదు. 1958లో కూనూరు నుంచి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో, సీసీఎంబీ హబ్సిగూడలో, సీడీఎఫ్‌డీ ఉప్పల్‌లో ఉన్నాయి.

ఆహారాన్ని బట్టి ఈ జీవులు మారతాయి. భోపాల్, కేరళలకు చెందిన 110 మందిపై 2019లో వెలువడిన అధ్యయనంలో, శాకాహారం అధికమైన భోపాల్ వాసుల్లో ప్రివోటెల్లా బాక్టీరియా ప్రబలంగా కనిపించింది. పాశ్చాత్యుల లెక్కలు జొన్నరొట్టె, పప్పన్నం తినేవారికి యథాతథంగా వర్తించవు.

అయితే అసలు చిక్కు వేదిక కాదు, నమూనాలే. సేకరించిన మలాన్ని మైనస్ 80 డిగ్రీల వద్ద భద్రపరచక బయటే ఉంచితే కొన్ని జీవులు పెరిగి లెక్క తారుమారవుతుంది. ప్రయోగశాలకో పద్ధతి అయితే ఫలితాలను పోల్చడమూ కష్టమే. ప్రసంగాలకు ముందే ఉమ్మడి సేకరణ విధానంపై చర్చకు ఒక పూట కేటాయించడం మేలు.